వరిగడ్డి మీద ట్రైకోడెర్మా: ఫ్లాస్కులో వచ్చిన సెల్యులేజ్ ట్రేలో ఎందుకు రావడం లేదు?

గడ్డివాము
నాలుగు నెలలుగా వరిగడ్డి మీద ట్రైకోడెర్మా రీసీ అనే శిలీంధ్రాన్ని పెంచి, గడ్డిలోని సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొట్టే ఎంజైమ్ అయిన సెల్యులేజ్ తీసే ప్రయత్నంలో ఉన్నాను. 250 మి.లీ. ఫ్లాస్కులో 5 గ్రాముల గడ్డి వేసి పెంచినప్పుడు ఏడో రోజుకు గ్రాముకు వచ్చే ఎంజైమ్ చాలా బాగుంటోంది. అదే గడ్డిని అదే లవణ ద్రావణంతో తడిపి, అదే మోతాదులో సిద్ధబీజాలు చల్లి, ట్రేలో 1 కిలో పరిస్తే మాత్రం అందులో మూడో వంతు కూడా రావడం లేదు. ఇప్పటికి మూడు ట్రేలు చేశాను, మూడింటిదీ ఇదే వరుస.

గడ్డిని అంగుళంలోపు ముక్కలుగా నరికి, 1 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి, బాగా కడిగి ఆరబెట్టాను. తేమ 70 శాతం, పొర మందం 8 సెంటీమీటర్లు ఉంచాను. ఇంక్యుబేటర్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర కదలకుండా ఉంది. మూడో రోజున ట్రే విప్పి చూస్తే పైభాగమంతా సిద్ధబీజాలతో పచ్చగా కమ్ముకొని ఉంది, అంచులు ఎండి పెళుసుబారాయి. మధ్యలో చెయ్యి పెట్టి తీస్తే గడ్డి గోధుమ రంగులో జిగటగా ఉండి, కొద్దిగా పుల్లని వాసన వేసింది. వంగడం బలహీనపడిందేమోనని నా అనుమానం. కొత్తది తెప్పించుకోవాలా, లేక నేనే ఎక్కడో తప్పు చేస్తున్నానా?

సూక్ష్మదర్శిని
ఫ్లాస్కులో బాగా పనిచేస్తున్న వంగడం ట్రేలోకి వెళ్లగానే బలహీనపడదు. ట్రే మధ్యలో ఎప్పుడైనా థర్మామీటర్ గుచ్చి చూశారా? ఇంక్యుబేటర్ చూపించే 30 డిగ్రీలు గాలి ఉష్ణోగ్రత మాత్రమే, గడ్డి లోపలి ఉష్ణోగ్రత కాదు.

గడ్డివాము
లేదు, చూడలేదు. బయట అంత స్థిరంగా ఉన్నప్పుడు లోపల ఎంత తేడా ఉంటుందిలే అనుకున్నాను.

ఆవిరిలెక్క
సూక్ష్మదర్శిని గారు అడిగిన ప్రశ్నలోనే చాలావరకు జవాబు ఉంది. ఒక్కసారి లెక్క వేసి చూద్దాం.

1 గ్రాము గ్లూకోజ్ శ్వాసక్రియలో పూర్తిగా ఖర్చయితే సుమారు 15.6 కిలోజౌళ్ల శక్తి వెలువడుతుంది. అందులో శిలీంధ్రం తన పెరుగుదలకు నిలువ చేసుకోనిదంతా వేడిగానే బయటపడుతుంది. మీ 1 కిలో ఎండుగడ్డి 70 శాతం తేమతో కలిసి సుమారు 3.3 కిలోలు ఉంటుంది. ఆ తడి గడ్డి కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి రమారమి 3.3 కిలోజౌళ్లు కావాలి, అంటే ట్రే మొత్తానికి డిగ్రీకి 11 కిలోజౌళ్లు. శిలీంధ్రం 10 గ్రాముల చక్కెరను దహించిందనుకోండి, అది మీ గడ్డిలో నూటికి ఒక వంతు మాత్రమే. వెలువడే వేడి 156 కిలోజౌళ్లు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గడ్డి 14 డిగ్రీలు వేడెక్కాలి. నిజానికి కొంత వేడి పోతూనే ఉంటుంది, కానీ గడ్డికీ గడ్డికీ మధ్య ఉన్న గాలి వేడిని సరిగా మోయలేదు కనుక 8 సెంటీమీటర్ల పొర మధ్యలో పుట్టినది అక్కడే చిక్కుకుపోతుంది. ఫ్లాస్కులో 5 గ్రాముల గడ్డి గాజు అడుగున పల్చగా పరుచుకొని ఉంటుంది కనుక అక్కడ ఈ సమస్య మీ కంటపడలేదు.

ట్రైకోడెర్మా రీసీకి 28 నుంచి 30 డిగ్రీలు హాయిగా ఉంటాయి. 37 దాటితే దాని పెరుగుదల బాగా మందగిస్తుంది. అది తయారుచేసే సెల్యులేజ్‌ను మనం 50 డిగ్రీల దగ్గర పరీక్షిస్తాం కాబట్టి శిలీంధ్రం కూడా ఆ వేడికి తట్టుకుంటుందని చాలామంది పొరబడతారు. ఎంజైమ్ తట్టుకునే వేడి వేరు, ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జీవి తట్టుకునే వేడి వేరు.

తవుడుబుట్ట
మీ పేరే గడ్డివాము కదా! తడి గడ్డిని వాము వేస్తే లోపల ఆవిర్లు వచ్చేంతగా ఉడుకుతుందని రైతులందరికీ తెలుసు. మీ ట్రేలో జరుగుతున్నదీ అదే.

నా అనుభవం చెబుతాను. నేను గోధుమ పొట్టు మీద ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజుతో ఎమైలేజ్ (పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్) తీస్తాను. మొదట్లో 6 సెంటీమీటర్ల పొర వేసేవాణ్ణి. రెండో రోజుకు పొట్టంతా ఒకే అట్టలా కట్టుకుపోయి, ట్రే అంచుల నుంచి విడిపోయి, మధ్యలో పగుళ్లు పట్టేది. పగులు పక్కనున్న పొట్టు తెల్లగా, కమ్మని వాసనతో ఉండేది. అట్ట లోపలిది మాత్రం తడిసి ముద్దయి, బూజు జాడే లేకుండా ఉండేది. పొర మందం 3 సెంటీమీటర్లకు తగ్గించి, పొట్టులో నాలుగో వంతు చెరకు పిప్పి కలిపాక ఆ బాధ తప్పింది. పిప్పి పెద్దగా ఆహారం ఇవ్వదు కానీ గాలి ఆడే సందులు ఇస్తుంది. ఇరవై గంటలకు ఒకసారి, ముప్పై గంటలకు ఇంకొకసారి చేత్తో కలియబెడతాను.

నిదానం
కలియబెట్టమనే సలహా అందరికీ పనికిరాదు. ఆస్పర్జిల్లస్ తంతువుల్లో అడ్డుగోడలు ఉంటాయి కనుక ఒకచోట తెగినా మిగతాది బతుకుతుంది. రైజోపస్ లాంటి వాటికి అడ్డుగోడలు దాదాపు ఉండవు కనుక కలియబెడితే తెగినచోటల్లా లోపలి ద్రవం కారిపోయి పెద్ద దెబ్బ తగులుతుంది. ట్రైకోడెర్మాకు అడ్డుగోడలు ఉన్నా, గడ్డి ముక్కలను పట్టుకొని అల్లుకున్న వలను చెదరగొడితే అది మళ్లీ అల్లుకోవడానికి ఒక రోజు వృథా అవుతుంది. అందుకే నేను కలియబెట్టను.

పొర పల్చన చేయడం కూడా నాకు పూర్తి పరిష్కారంగా కనిపించదు. 8 సెంటీమీటర్లను 2 చేస్తే నాలుగు రెట్లు చోటు, నాలుగు రెట్లు ట్రేలు కావాలి. జల్లెడ అడుగున్న పెట్టెలో గడ్డి పోసి, తేమతో నిండిన గాలిని కింది నుంచి పైకి పంపితే మందం ఎక్కువైనా నిభాయించుకోవచ్చు.

తవుడుబుట్ట
నిదానం గారు, రైజోపస్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆస్పర్జిల్లస్‌కు మాత్రం నేను కలియబెట్టడం మానను, అట్ట కట్టడం కంటే ఆ నష్టం చిన్నది.

ఆవిరిలెక్క
గాలి పంపేటప్పుడు ఒక మెలిక ఉంది. 1 గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. నేను పైన చెప్పిన 10 గ్రాముల చక్కెర వేడి మొత్తం ఆవిరి ద్వారానే పోవాలంటే 65 గ్రాముల నీరు ఆవిరి కావాలి. అదే 10 గ్రాముల చక్కెర నుంచి శ్వాసక్రియలో తిరిగి వచ్చే నీరు 6 గ్రాములే. అంటే ట్రేను ఎంత చల్లబరిస్తే అంత ఎండిపోతుంది. తేమతో నిండిన గాలి పంపినా, లోపలికి వెళ్లాక అది వేడెక్కి ఇంకా నీటిని పీల్చుకుంటుంది. ట్రే అంచులు పెళుసుబారడానికి, మధ్యభాగం ఉడకడానికి కారణం ఒకటే. వేడి పోగలిగిన చోట నీరు కూడా పోయింది, పోలేని చోట రెండూ మిగిలాయి. రోజూ ట్రేను తూకం వేసి, తగ్గినంత బరువుకు మరిగించి చల్లార్చిన నీటిని సన్నని తుంపరగా చల్లండి. శ్వాసక్రియలో గడ్డి కూడా కరిగి కొంత బరువు తగ్గుతుంది కనుక అది కచ్చితమైన లెక్క కాకపోయినా చాలావరకు పనిచేస్తుంది.

పుల్లటిగాలి
పుల్లని వాసనను ఎవరూ పట్టించుకోలేదు. అది శిలీంధ్రం వాసన కాదు, నా అంచనాలో బ్యాక్టీరియాది. శిలీంధ్రం వేడికి కుంగిపోయిన చోట, నీరు నిలిచి గాలి ఆడని చోట అవి జొరబడతాయి. మధ్యలోంచి చిటికెడు గడ్డి తీసి స్లైడు మీద నీటిచుక్కలో నలిపి చూడండి. తంతువుల మధ్య కదులుతున్న సన్నని కడ్డీలు కనిపిస్తే విషయం తేలిపోతుంది.

ఇంకో మాట. మీ 70 శాతం తేమ ఎప్పుడు కొలిచినది? ఆటోక్లేవ్‌కు ముందా, తరువాతా?

గడ్డివాము
ముందు. నీరు కలిపిన లెక్కను బట్టి రాసుకున్నాను.

పుల్లటిగాలి
అయితే అది మీ అసలు తేమ కాదు. 121 డిగ్రీల దగ్గర ఆవిరిలో ఉంచినప్పుడు మూతను బట్టి గడ్డి సంచుల్లో ఒకటి నీరు పీల్చుకుంటుంది, ఇంకొకటి పోగొట్టుకుంటుంది. ఆ తరువాత సిద్ధబీజాల ద్రావణం రూపంలో మీరు మళ్లీ నీరు పోస్తున్నారు. అన్నీ కలిపాక 5 గ్రాములు తీసి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంతవరకు ఎండబెట్టి లెక్క కట్టండి. గడ్డిని పిడికిట్లో గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో తడి మెరవాలి, చుక్క రాలకూడదు. చుక్క రాలిందంటే సందుల్లో గాలికి బదులు నీరే ఉందన్నమాట.

ఖాళీగొట్టం
అందరూ ట్రే ఎందుకు తక్కువ ఇస్తోందని అడుగుతున్నారు. ఫ్లాస్కు నిజంగా అంత ఎక్కువ ఇస్తోందా అని నేను అడుగుతాను. చర్యను ఎలా కొలుస్తున్నారు?

గడ్డివాము
ఫిల్టర్ పేపర్ పద్ధతి. 1×6 సెంటీమీటర్ల వాట్మన్ నంబర్ 1 పట్టీ, పీహెచ్ 4.8 సిట్రేట్ బఫర్ 1 మి.లీ., ఎంజైమ్ ద్రావణం 0.5 మి.లీ., 50 డిగ్రీల దగ్గర 60 నిమిషాలు. తరువాత చక్కెరను రంగుతో చూపించే డీఎన్ఎస్ ద్రావణం 3 మి.లీ. పోసి 5 నిమిషాలు మరిగించి 540 నానోమీటర్ల దగ్గర చూస్తాను. పేపరు, బఫరు మాత్రమే ఉన్న గొట్టం విలువను తీసివేస్తాను.

ఖాళీగొట్టం
ఎంజైమ్, బఫరు ఉండి పేపరు లేని గొట్టం పెట్టడం లేదా?

గడ్డివాము
లేదు.

ఖాళీగొట్టం
అక్కడే పెద్ద లోపం ఉంది. డీఎన్ఎస్‌కు మీ ఎంజైమ్ పేపరు నుంచి విడదీసిన చక్కెర ఏదో, గడ్డిలోంచి ముందే కరిగి వచ్చిన చక్కెర ఏదో తెలియదు. క్షయకరణ చక్కెర ఏదైనా అది ఎర్రబడుతుంది. ద్రవ కిణ్వనంలో, అంటే గడ్డి మీద కాక ద్రవంలో పెంచినప్పుడు, శిలీంధ్రం చక్కెరను చివరికంటా తినేస్తే ఈ లోపం చిన్నదిగా ఉంటుంది. గడ్డి మీద పెంచినప్పుడు మాత్రం కరిగి తినకుండా మిగిలిన చక్కెర అంతా మీ ద్రావణంలోకి దిగుతుంది, మీరు దాన్ని ఎంజైమ్ ఖాతాలో రాసుకుంటున్నారు. ప్రతి నమూనాకూ దాని సొంత ఎంజైమ్ ఖాళీ గొట్టం (పేపరు లేనిది) ఉండాలి. ఒక నమూనాది ఇంకొకదానికి వాడకూడదు.

ఇంకొకటి. ఫిల్టర్ పేపర్ యూనిట్ అనేది 2.0 మిల్లీగ్రాముల గ్లూకోజ్ విడుదలయ్యే చోట మాత్రమే నిర్వచించిన కొలత. సరిగ్గా అంత విడుదల చేసే పలుచదనాన్ని రెండు మూడు పలుచనల మధ్య వెదికి పట్టుకొని, 0.37ను ఆ గాఢతతో భాగించాలి. మీ ద్రావణం పలుచన చేయకుండానే 2 మిల్లీగ్రాములకు చేరకపోతే గ్రాఫులో గీతను ముందుకు పొడిగించి యూనిట్లు రాయడం తప్పు. పేపరు కరిగేకొద్దీ తేలికగా కరిగే భాగం అయిపోయి మొండి భాగం మిగులుతుంది కనుక ఎంజైమ్ రెట్టింపైనా చక్కెర రెట్టింపు కాదు. అలాంటప్పుడు కార్బాక్సీమీథైల్ సెల్యులోజ్ మీద ఎండోగ్లూకనేజ్ (సెల్యులోజ్ గొలుసును మధ్యలో తెంచే ఎంజైమ్) కొలిచి, ఆ పేరుతోనే రాయండి.

చెరకుపిప్పి
ఇంత బాధ దేనికి? ద్రవ కిణ్వనానికి మారిపోండి. సెల్యులేజ్ పరిశ్రమ దాదాపు అంతా ట్రైకోడెర్మా రీసీని కలియబెట్టే పెద్ద తొట్లలోనే పెంచుతోంది. మెరుగుపరచిన వంగడాలు లీటరుకు 100 గ్రాముల వరకు ప్రోటీన్ విడుదల చేస్తాయి. తొట్టి చుట్టూ చల్లని నీరు తిప్పితే వేడి సమస్య ఉండదు, పీహెచ్ మన చేతిలో ఉంటుంది.

ఆవిరిలెక్క
చెరకుపిప్పి గారు, మీరు చెప్పిన 100 గ్రాములు దశాబ్దాలపాటు మార్చుకుంటూ వచ్చిన వంగడాలవి, అవి తాగేది శుభ్రమైన లాక్టోజ్ లేదా గ్లూకోజ్ ఆధారిత ఆహారం. గడ్డివాము గారి ఉద్దేశం వ్యర్థాన్నే ఆహారంగా వాడటం. గడ్డిని తొట్టిలో వేస్తే నూటికి పది పాళ్లు దాటేసరికి అది కలియబెట్టడానికి లొంగని ముద్దవుతుంది. ఘనస్థితిలో నీరు తక్కువ కనుక తీసిన ద్రావణం చిక్కగా ఉంటుంది, వదిలించుకోవలసిన మురుగునీరు కూడా తక్కువ. మార్గం కొత్తది కూడా కాదు. గోధుమ పొట్టు మీద ఆస్పర్జిల్లస్ ఒరైజేను పెంచి ఎంజైమ్ తీసే పద్ధతికి జోకిచి టకామినే 1894లోనే అమెరికాలో పేటెంట్ పొందాడు. దాన్ని టకాడయాస్టేజ్ పేరుతో జీర్ణానికి మందుగా అమ్మారు.

చెరకుపిప్పి
పశుగ్రాసంలో కలపడానికో, గడ్డినే చక్కెరగా మార్చడానికో ముడి ఎంజైమ్ చాలనుకుంటే మీ మాట ఒప్పుకుంటాను. శుద్ధి చేసి అమ్మాలంటే మాత్రం గడ్డి నుంచి దిగే రంగు, పీచు, సిద్ధబీజాలు వడకట్టేసరికి లాభమంతా హరించుకుపోతుంది.

పాతపుటలు
గడ్డివాము గారు, మీ దగ్గర ఉన్నది ఏ వంగడం? ఈ శిలీంధ్రం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు కాన్వాసును తినేస్తుండగా దొరికింది. ఆ మూల వంగడమే క్యూఎం 6ఏ. మొదట ట్రైకోడెర్మా విరిడే అని పిలిచి, 1977లో ఎల్విన్ రీస్ పేరు మీద రీసీ అని పేరు పెట్టారు. ఆయన, మేరీ మాండెల్స్ కలిసి చేసిన పనే ఈ రంగానికి పునాది. మనం వాడే లవణ ద్రావణానికి ఈనాటికీ మాండెల్స్ పేరే ఉంది.

ఎందుకు అడుగుతున్నానంటే, మూల వంగడానికి గ్లూకోజ్ అందితే సెల్యులేజ్ తయారీని ఆపేస్తుంది. సులువుగా దొరికే తిండి ఉండగా కష్టపడి గడ్డిని నమలవలసిన పని దానికి లేదు. రట్ సీ30 అనే వంగడంలో ఈ అదుపును నడిపే క్రె1 జన్యువు తెగిపోయి ఉంది కనుక గ్లూకోజ్ ఉన్నా అది ఎంజైమ్ ఇస్తుంది.

గడ్డివాము
రట్ సీ30 కాదు, క్యూఎం 9414. ట్రేలో వేగంగా పెరుగుతుందని గడ్డికి కొంచెం బియ్యపు తవుడు కూడా కలిపాను. ఇది ముందే చెప్పవలసింది.

పాతపుటలు
క్యూఎం 9414లో ఆ అదుపు అలాగే ఉంది, పిండిపదార్థం విడిపోతే గ్లూకోజ్ వస్తుంది, కనుక తవుడు మొత్తంలో పిండిపదార్థం ఎంతుందో చూసుకోండి. నత్రజని కోసమైతే అమ్మోనియం సల్ఫేటు, కొద్దిగా యూరియా చాలు. తవుడు ఎక్కువైతే మొదటి రెండు రోజులు బూజు విపరీతంగా పెరిగి, ఆవిరిలెక్క గారు చెప్పిన వేడి అంతా అప్పుడే పుట్టి, ఎంజైమ్ మాత్రం ఆలస్యమవుతుంది.

జోడెడ్లు
ఎవరూ చెప్పని విషయం ఒకటి. ట్రైకోడెర్మా రీసీలో బీటా గ్లూకోసిడేజ్ తక్కువ. సెల్లోబయోజ్ అనే జంట చక్కెరను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్ అది. సెల్లోబయోజ్ పేరుకొని మిగతా ఎంజైమ్‌లను అణచివేస్తుంది. ఆస్పర్జిల్లస్ నైజర్‌ను అదే ట్రేలో కలిపి పెంచండి, అది ఆ లోటు తీరుస్తుంది.

సూక్ష్మదర్శిని
లోటు నిజమే, మందుతో ఏకీభవించను. ఒకే ట్రేలో రెండింటినీ వదిలితే నైజర్ ముందు పరుగెత్తి గడ్డిని ఆక్రమిస్తుంది, ప్రతి ట్రేలోనూ పాళ్లు మారతాయి. వేరువేరుగా పెంచి, తీసిన ద్రావణాలను కొలిచి కలపడం మేలు.

మొదటిమెట్టు
ఇదంతా చదివి ఉత్సాహం కలిగింది. ఇంట్లో రొట్టె మీద పట్టిన పచ్చబూజుతో మొదలుపెట్టవచ్చా?

పుల్లటిగాలి
దయచేసి ఆ పని చేయకండి. పచ్చగా కనిపించే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అఫ్లాటాక్సిన్ తయారుచేస్తుంది. అది కాలేయ క్యాన్సర్ కలిగించే విషం. కంటితో చూసి దాన్ని ఒరైజే నుంచి వేరుచేయలేరు. ఆస్పర్జిల్లస్ నైజర్‌లో కూడా కొన్ని వంగడాలు ఓక్రాటాక్సిన్ అనే విషం ఇస్తాయి. గుర్తింపు ఉన్న వంగడాల భాండాగారం నుంచే తెచ్చుకోండి. ట్రే విప్పేటప్పుడు లేచే సిద్ధబీజాల ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక మంచి మాస్కు లేకుండా, వంటింట్లో అసలే విప్పకండి. పని అయ్యాక మిగిలిన గడ్డిని ఆటోక్లేవ్ చేశాకే పారేయండి.

ఖాళీగొట్టం
గడ్డివాము గారు, ఇంకొక్క ప్రశ్న. ట్రే నుంచి ఎంజైమ్‌ను ఎంత బఫరుతో తీస్తున్నారు?

గడ్డివాము
ఫ్లాస్కులో 5 గ్రాములకు 50 మి.లీ. పోసి ఒక గంట షేకర్‌లో తిప్పుతాను. ట్రేకు 10 లీటర్లు పోస్తే ఆ ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ చేయడం కష్టమని 4 లీటర్లు పోసి, కలిపి, పలుచని గుడ్డలో పిండుతున్నాను.

ఖాళీగొట్టం
4 లీటర్లలో సగం గడ్డిలోనే ఉండిపోతుంది. పైగా సెల్యులేజ్‌లో చాలావాటికి సెల్యులోజ్‌ను పట్టుకొనే భాగం ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది, అవి మిగిలిన గడ్డికి అతుక్కొనే ఉంటాయి. పిండిన గడ్డిని పారేయకుండా మళ్లీ 3 లీటర్ల బఫరులో నానబెట్టి, పిండి, ఆ రెండో ద్రావణాన్ని విడిగా కొలవండి.

గడ్డివాము
పన్నెండు రోజుల తరువాత వస్తున్నాను. మీరు చెప్పినవన్నీ చేశాను.

మొదట పాత పద్ధతిలోనే 8 సెంటీమీటర్ల ట్రే వేసి మధ్యలో థర్మామీటర్ గుచ్చాను. ఇరవై గంటల వరకు 31 దగ్గరే ఉంది. ముప్పై ఎనిమిదో గంటకు 42 చూపించింది, అప్పుడు ఇంక్యుబేటర్ తెర మీద 30 అనే ఉంది. మధ్యభాగాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే పుల్లటిగాలి గారు చెప్పిన కదిలే కడ్డీలు నిండుగా ఉన్నాయి. పాత ఫ్లాస్కు ద్రావణాలు ఫ్రిజ్‌లో ఉంటే ఎంజైమ్ ఖాళీ గొట్టంతో మళ్లీ కొలిచాను. అందులో నేను ఎంజైమ్ అనుకున్న దానిలో నాలుగో వంతు ఉత్త చక్కెర. ఆ ట్రే గడ్డినే రెండోసారి నానబెట్టి పిండితే మొదటి ద్రావణంలో ఉన్నదానికి సగానికి పైగా మళ్లీ వచ్చింది. ఇన్ని నెలలు దాన్ని నేను పారబోశాను.

తరువాత తవుడు మానేసి, 3 సెంటీమీటర్ల పొరతో, పైన తడిగుడ్డ ఆనకుండా కట్టి, రోజూ తూకం వేస్తూ కొత్త ట్రే చేశాను. మధ్యలో ఎప్పుడూ 34 దాటలేదు, పుల్లని వాసన లేదు. సరిదిద్దిన ఫ్లాస్కు విలువలో ఐదింట నాలుగు వంతులు వచ్చింది.

తవుడుబుట్ట
34 కూడా ఎక్కువే. వేడి ఎక్కువగా పుట్టే మొదటి రెండు రోజులు మాత్రం ఇంక్యుబేటర్‌ను 27కు దించి చూడండి.

నిదానం
పల్చని పొర గెలిచిందని ఒప్పుకుంటున్నాను. మీరు 10 కిలోలకు వెళ్లేటప్పుడు గాలి పంపే పెట్టె గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఖాళీగొట్టం
గ్రాముకు అని రాసేటప్పుడు మొదట వేసిన గడ్డి గ్రామా, ఏడు రోజుల తరువాత మిగిలిన గడ్డి గ్రామా అన్నది కూడా రాయండి. మధ్యలో తగ్గిన గడ్డి ఆ అంకెను మార్చేస్తుంది.

గడ్డివాము
మొదట వేసిన ఎండుగడ్డి గ్రామునే తీసుకున్నాను, ఇక మీదట పట్టికలో అలాగే రాస్తాను. సోమవారం 27 డిగ్రీల ట్రే మొదలుపెడుతున్నాను. ఈసారి థర్మామీటర్లు రెండు, ఒకటి మధ్యలో, ఒకటి మూలలో.